ఆన్ కార్సన్‌ను చదవాలంటే గ్రీకు రావాలా, ఆవిడ జీవితం తెలియాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎం.ఏ. ఇంగ్లిష్‌లో సమకాలీన కెనడా కవుల్లో ఒకరి జీవితం, రచనల మీద సెమినార్ పేపర్ రాయాలి. మీరు ఆన్ కార్సన్‌ను ఎంచుకున్నారు. తీరా మొదలుపెడితే ఎక్కడ చూసినా గ్రీకు పేర్లు, లాటిన్ పేర్లు కనబడి టెన్షన్ పడుతున్నారు. గ్రీకు రాకుండా ఆవిడ కవిత్వం అర్థమవుతుందా, జీవితం ఎంతవరకు తెలిసి ఉండాలి, ముందు ఏ పుస్తకం పట్టుకోవాలి, అసలు ఆవిడకు ఇంత పేరు ఎలా వచ్చింది అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. గ్రీకు అక్కర్లేదు. జీవితమంతా తెలియాల్సిన పని కూడా లేదు, మూడు సంగతులు తెలిస్తే చాలు: ఆవిడ బతుకుదెరువు గ్రీకు పాఠాలు చెప్పడం, తండ్రి మతిమరుపు జబ్బుతో మాట పోగొట్టుకున్నాడు, అన్న ఇల్లు విడిచి వెళ్ళి పరాయి దేశంలో చనిపోయాడు. ముందు చదవాల్సింది 'ది గ్లాస్ ఎస్సే' అనే దీర్ఘకవిత. పొయెట్రీ ఫౌండేషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కాబట్టి ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు.

నేను పీజీ పిల్లలకు ఆధునిక ఇంగ్లిష్ కవిత్వం చెప్తుంటాను. కెనడాలో ఉన్న కొందరు తెలుగువాళ్ళతో కలిసి వారాంతాల్లో ఆన్‌లైన్‌లో కవితలు చదివే అలవాటు కూడా ఉంది. రెండు చోట్లా కార్సన్‌ను చాలాసార్లు చదివించాను. కాబట్టి ఎక్కడ తట్టుకుంటారో, ఎక్కడ హాయిగా సాగిపోతారో కొంత తెలుసు. ఆ అనుభవంతోనే వివరంగా రాస్తున్నాను.

జీవితం సంగతి ముందు చూద్దాం. ఆవిడ 1950 జూన్ 21న టొరంటోలో పుట్టారు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. బదిలీలు అయినప్పుడల్లా కుటుంబం ఒంటారియో రాష్ట్రంలో ఒక చిన్న ఊరి నుంచి ఇంకో చిన్న ఊరికి మారేది. హామిల్టన్ పక్కనున్న స్టోనీ క్రీక్, ఉత్తరాన బంగారు గనుల ఊరు టిమ్మిన్స్, సరస్సు ఒడ్డున పోర్ట్ హోప్, ఇలా. బ్యాంకు బదిలీలతో బడులు మారిన పిల్లలు మన దగ్గరా ఎంతోమంది ఉన్నారు కాబట్టి ఈ బాల్యం మీకు కొత్తగా అనిపించదు. ఇంట్లో క్యాథలిక్ పెంపకం. ఒక అన్న, పేరు మైకేల్.

పోర్ట్ హోప్‌లో హైస్కూల్ చదువు చివరికొచ్చేసరికి ఆవిడ జీవితాన్ని మలుపు తిప్పిన సంగతి జరిగింది. అక్కడ లాటిన్ చెప్పే ఆలిస్ కోవన్ అనే టీచరమ్మ ఈ అమ్మాయి ఆసక్తి గమనించి, మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టాక కూర్చోబెట్టి ప్రాచీన గ్రీకు నేర్పారు. సిలబస్‌లో లేని పాఠం, ఫీజు లేని పాఠం. తన వృత్తికీ తన సంతోషానికీ ఆ టీచరే కారణమని కార్సన్ తర్వాత చెప్పుకున్నారు. నేను కార్సన్ గురించి ఎప్పుడు మాట్లాడినా ఈ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళను. అరవై ఏళ్ళ కిందట ఒక చిన్న ఊరి బళ్ళో ఒక టీచరు తన భోజనం వేళ వదులుకోకపోతే ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న పుస్తకాల్లో సగం పుట్టేవే కావు.

తర్వాత దారి తిన్నగా ఏమీ సాగలేదు. టొరంటో విశ్వవిద్యాలయంలో చేరారు, మానేశారు, మళ్ళీ చేరారు, మళ్ళీ మానేశారు. మధ్యలో కొంతకాలం గ్రాఫిక్ ఆర్ట్స్ నేర్చుకున్నారు. చివరికి 1974లో బి.ఏ., 1975లో ఎం.ఏ. పూర్తి చేశారు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో గ్రీకు ఛందస్సు, పాఠపరిష్కరణ చదివి, 1981లో టొరంటోలోనే పీహెచ్‌డీ అందుకున్నారు. ఆ గ్రాఫిక్ ఆర్ట్స్ చదువును చాలామంది పట్టించుకోరు. ఆవిడ పుస్తకాల రూపం చూశాక మీరు మాత్రం దాన్ని వదిలిపెట్టకండి, తర్వాత పనికొస్తుంది.

ఉద్యోగం 1980 నుంచి ప్రిన్స్‌టన్‌లో, 1988 నుంచి మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత మిషిగన్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల్లో. అన్నిచోట్లా ప్రధానంగా ప్రాచీన గ్రీకు పాఠాలే. ఆవిడ పుస్తకాల అట్ట మీద రచయిత పరిచయం చాలాకాలం ఒకే ఒక్క వాక్యం ఉండేది: కెనడాలో పుట్టారు, బతుకుదెరువు కోసం ప్రాచీన గ్రీకు బోధిస్తారు అని. బహుమతుల జాబితా ఉండదు, ఏ పత్రికల్లో రాశారో ఉండదు. ఆ వాక్యాన్ని వినయం కిందో విచిత్రం కిందో చూసేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో ఆవిడ కవిత్వం గురించి అంతకంటే ఉపయోగపడే వాక్యం ఇంకొకటి లేదు. ఎందుకో చెప్తాను.

గ్రీకు కవిత్వం పాఠం చెప్పడమంటే చాలావరకు లేనిదాని గురించి పాఠం చెప్పడం. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో లెస్బోస్ దీవిలో పాటలు కట్టిన సాఫో సంగతే తీసుకోండి. ఆవిడ పాటలు ఒకప్పుడు ఎన్నో సంపుటాలుగా ఉండేవి. ఇప్పుడు పూర్తిగా దక్కిన పాట ఒక్కటే. మిగతావన్నీ ఎవరో వ్యాకరణకర్త ఉదాహరణగా ఎత్తి రాసుకున్న పాదమో, ఈజిప్టు ఇసుకలో దొరికిన పాపిరస్ (ఒక రకం రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క మీద సగం చెరిగిన వరుసో. చాలామంది అనువాదకులు ఈ ఖాళీలను తమ ఊహతో పూడ్చి, నునుపైన ప్రేమగీతాలు తయారుచేశారు. కార్సన్ 2002లో వేసిన 'ఇఫ్ నాట్, వింటర్' అనే సాఫో అనువాదంలో అలా చెయ్యలేదు. పాపిరస్ చిరిగిపోయిన చోట చదరపు బ్రాకెట్ వేసి వదిలేశారు. కొన్ని పుటల్లో రెండో మూడో మాటలు, చుట్టూ బ్రాకెట్లు, మిగతాదంతా తెల్ల కాగితం. ఎడమవైపు గ్రీకు మూలం, కుడివైపు ఇంగ్లిష్. క్లాసులో ఆ పుట చూపించినప్పుడు ముందు పిల్లలు ఇదేంటి సార్, అచ్చుతప్పా అంటారు. కాసేపయ్యాక ఎవరో ఒకరు ఆ మిగిలిన మాటల్ని గట్టిగా చదువుతారు, బ్రాకెట్ వచ్చినప్పుడు తమంతట తామే ఆగుతారు. ఎక్కడ ఆగాలో నేను చెప్పాల్సిన పని ఉండదు.

పోయినదాన్ని కల్పించి పూడ్చకుండా, పోయినట్టుగానే చూపించడం ఆవిడ రోజూ చేసే పని. మరి సొంత ఇంట్లో మనుషులు పోయినప్పుడు కూడా ఆవిడ చేసింది అదే. నేను మీకు చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే, మీ పేపర్‌కు కూడా ఇదే వెన్నెముక అవుతుందనుకుంటున్నాను. జీవితం ఒక గదిలో, గ్రీకు ఇంకో గదిలో, కవిత్వం మూడో గదిలో లేవు. తండ్రి మాట పోతే, అన్న కనబడకుండా పోతే ఏం చెయ్యాలో ఆవిడకు ఆ శిథిలమైన పాపిరస్‌లే నేర్పాయి.

ముందు తండ్రి. 1995లో వచ్చిన 'గ్లాస్, ఐరనీ అండ్ గాడ్' సంపుటిలో 'ది గ్లాస్ ఎస్సే' ఉంది. కథ చాలా సాదా. ప్రియుడు వదిలేసి వెళ్ళిన ఒక నడివయసు స్త్రీ, ఉత్తరాన ఒక బీడుభూమి అంచున ఒంటరిగా ఉంటున్న తల్లి దగ్గరికి వెళ్తుంది. చదువుకోవడానికి పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత్రి ఎమిలీ బ్రాంటీ రచనలు వెంట తీసుకెళ్తుంది. వంటింట్లో బల్ల దగ్గర పంచదార గిన్నెకు ఆ పుస్తకం ఆనించి, చదువుతున్నట్టు నటిస్తూ, తల్లిని ఓరకంట చూస్తూ ఉంటుంది. ఇద్దరూ జాగ్రత్తగా లెట్యూస్ ఆకులు నములుతుంటారు. తల్లి మాటలు సూటిపోటిగా ఉంటాయి. జరిగిపోయినవన్నీ ఎందుకు పట్టుకు వేలాడతావు అన్న ధోరణి. కూతురికి మరి వాటిని ఎక్కడ దించుకోవాలో తెలియదు. తర్వాత ఇద్దరూ కలిసి ఆసుపత్రికి తండ్రిని చూడటానికి వెళ్తారు. రెండో ప్రపంచయుద్ధంలో విమాన సిబ్బందిలో పనిచేసిన ఆ పొడగరి మనిషి ఇప్పుడు కుర్చీలో కట్టేసి ఉంటాడు, ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియని మాటలు మాట్లాడుతుంటాడు.

ఈ కవితలో గ్రీకు లేదు. అర్థం కాని మాట ఒక్కటి లేదు. పంక్తులు మూడేసి, నాలుగేసి చొప్పున సాగిపోతాయి, కథ చదివినట్టే ఉంటుంది. మా క్లాసులో ఒకమ్మాయి, కవిత్వమంటే పరీక్ష కోసం తప్ప ముట్టుకోని అమ్మాయి, దీన్ని చదివి వచ్చి, 'ఇది మా ఇంటి వంటగది సార్, మా అమ్మా నేనూ ఇలాగే ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా మాట్లాడుకుంటాం' అంది. ఆ అమ్మాయికి నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. ఎమిలీ బ్రాంటీ గురించి రెండు ముక్కలు తెలిస్తే ఇంకా మంచిది, తెలియకపోయినా ఆగిపోరు. ఆవిడ నవల 'వుదరింగ్ హైట్స్' ఎలాగూ మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది.

అదే తండ్రి గురించి 2000లో వచ్చిన 'మెన్ ఇన్ ది ఆఫ్ అవర్స్'లో ఒక చిన్న కవిత ఉంది, నీలం స్వెటర్ మీద. తండ్రి వేసుకునే ఆ పాత స్వెటర్‌ను చలికాలంలో ఇప్పుడు కూతురు వేసుకుంటుంది. ఆయనకు మతి తప్పుతోందని తనకు మొదట తెలిసిన రోజు గుర్తుచేసుకుంటుంది: జూలై నెల, మండే ఎండ, ఆయన ఇంటి ముందు నిలబడి ఉన్నాడు, స్వెటర్ గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుని. పొద్దున్నే దూరప్రయాణానికి ఏ అత్తో పిన్నో ముస్తాబు చేసి నిలబెట్టిన చిన్నపిల్లాడి మొహం ఆయనది. జబ్బు పేరు కవితలో చెప్పరు. గుండీలు చూపిస్తారు, అంతే. 'ది గ్లాస్ ఎస్సే'లోని ఆసుపత్రి భాగాన్నీ ఈ కవితనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే తండ్రి, ఒకే జబ్బు. అక్కడ తలుపులు తీసుకుని లోపలికి వెళ్ళినంత వివరం, ఇక్కడ ఒక్క చూపు. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ జబ్బు వచ్చినవాళ్ళెవరికైనా ఆ గుండీల సంగతి చెప్పి చూడండి, తమ ఇంట్లో చూసిన అలాంటి గుర్తు ఒకటి వాళ్ళు మీకు చెప్తారు.

ఇక అన్న. ఈ భాగం కాస్త వివరంగా రాయకుండా ఉండలేను.

మైకేల్ 1978లో జైలుకు వెళ్ళాల్సిన పరిస్థితి తప్పించుకోవడానికి కెనడా విడిచి పారిపోయాడు. దొంగ పాస్‌పోర్టుతో, వేరేవాళ్ళ పేర్లతో యూరప్‌లోనూ ఇండియాలోనూ తిరిగాడు. ఇంటికి ఎప్పుడో ఒక పోస్టుకార్డు వచ్చేది, దాని మీద చిరునామా ఉండేది కాదు. తల్లికి రాసిన ఉత్తరం ఒక్కటే. ఫోన్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి. 2000లో కోపెన్‌హాగెన్‌లో చనిపోయాడు. భార్యకు అతని కాగితాల్లో చెల్లెలి ఫోన్ నంబరు దొరకడానికే రెండు వారాలు పట్టింది. ఈవిడకు కబురు తెలిసేసరికి అంత్యక్రియలు అయిపోయాయి.

ఇంత తక్కువ తెలిసిన అన్న గురించి ఏం రాయాలి? కార్సన్ ఒక నోటుబుక్కు తీసుకుని అందులో తన దగ్గర మిగిలినవన్నీ అతికించారు. చిన్ననాటి ఫొటోల ముక్కలు, అన్న రాసిన ఉత్తరంలోంచి చించిన పేలికలు, తపాలా బిళ్ళలు, పిన్నులు కొట్టిన కాగితాలు. ఆ నోటుబుక్కునే నకలు తీసి 2010లో 'నాక్స్' పేరుతో న్యూ డైరెక్షన్స్ సంస్థ అచ్చువేసింది. అది మామూలు పుస్తకంలా ఉండదు. బూడిదరంగు పెట్టె, అందులో ఒకే పొడవాటి కాగితం, హార్మోనియం తిత్తిలా ముందుకీ వెనక్కీ మడతలు. పైకెత్తితే మొత్తం జారి నేల మీద పరుచుకుంటుంది. రూపకల్పనలో భర్త రాబర్ట్ కర్రీ సాయపడ్డారు. ఇందాక గ్రాఫిక్ ఆర్ట్స్ వదిలిపెట్టొద్దన్నది ఇందుకే.

లోపల నిర్మాణం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. రోమన్ కవి కటుల్లస్ సోదరుడు కూడా దూరదేశంలో, ట్రాయ్ ప్రాంతంలో చనిపోయాడు. కవి సముద్రాలు దాటి ఆ సమాధి దగ్గరికి వెళ్ళి పది పాదాల కవిత రాశాడు. ఇప్పటికీ లాటిన్ విద్యార్థులు చదువుకుంటున్న కవిత అది. కార్సన్ ముందు ఆ లాటిన్ కవిత ఇచ్చి, తర్వాత ఎడమవైపు పుటల్లో దాని మాటల్ని ఒక్కొక్కటిగా నిఘంటువులో ఉన్నట్టు వివరిస్తూ పోతారు. కుడివైపు అన్న ముక్కలు. ఆ నిఘంటువు వివరణల్లోకి, ఉదాహరణ వాక్యాల్లోకి, రాత్రికి సంబంధించిన మాటలు మెల్లగా వచ్చి చేరుతుంటాయి. లాటిన్‌లో 'నాక్స్' అంటే రాత్రి. ఏ నిఘంటువూ అన్నిసార్లు రాత్రిని ఉదాహరణగా ఇవ్వదు. అది గమనించిన క్షణం నుంచి ఆ ఎడమవైపు పుటలు కూడా శోకమే అని తెలుస్తుంది. ఒక లాటిన్ టీచరు తన అన్న కోసం ఏడవాలంటే ఎలా ఏడుస్తుందో అచ్చం అలాగే ఉంటుంది ఆ పుస్తకం.

మా ఆన్‌లైన్ బృందంలో కెనడాలోని మిసిసాగాలో ఉండే ఒకాయన ఉన్నారు. కోవిడ్ సమయంలో ఇక్కడ వాళ్ళ నాన్నగారు పోతే విమానాలు లేక రాలేకపోయారు, వీడియోలో చూశారు. నాక్స్ చదివిన వారం ఆయన మామూలుగా మాట్లాడేదానికంటే చాలాసేపు మాట్లాడారు. ఆఖరి చూపు దక్కనివాళ్ళకు అన్నీ పూర్తిగా చెప్పే కవితల కంటే, ఇంతే తెలుసు, ఇంతే మిగిలింది అని చెప్పే పుస్తకం దగ్గరగా ఉంటుందని ఆ రోజు నాకు గట్టిగా అనిపించింది. మరి ఒక మాట: అన్న ఇండియాలో ఎక్కడ తిరిగాడు, ఏం చేశాడు అని వెతకడం మొదలుపెట్టకండి. ఆవిడే వదిలేసిన ఖాళీ అది. పేపర్‌లో దాన్ని ఊహతో పూడిస్తే పుస్తకానికి అన్యాయం చేసినట్టే.

కష్టమని అందరూ చెప్పే పుస్తకం 'ఆటోబయాగ్రఫీ ఆఫ్ రెడ్', 1998లో వచ్చింది. ఆవిడకు విస్తృతంగా పేరు తెచ్చిందీ అదే. దీనికి మాత్రం ఒక చిన్న గ్రీకు కథ తెలియాలి. గ్రీకు పురాణవీరుడు హెరాక్లీజ్ చేసిన పన్నెండు సాహసకార్యాల్లో పదోది గెర్యోన్ అనే రాక్షసుణ్ణి చంపి వాడి పశువుల్ని తోలుకురావడం. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో సిసిలీ కవి స్టెసికోరస్ ఈ కథను రాక్షసుడి వైపు నుంచి చెప్పాడు. ఆ కావ్యం పోయింది. పాపిరస్ ముక్కలు కొన్ని దొరికి 1967లో అచ్చయ్యాయి.

కార్సన్ ఆ గెర్యోన్‌ను ఈ కాలపు కుర్రాణ్ణి చేశారు. ఎర్రటి ఒళ్ళు, భుజాల మీద రెక్కలు, వాటిని కోటు కింద దాచుకుని బడికి వెళ్తాడు. చిన్నప్పుడు సొంత అన్న చేతిలో లైంగిక హింసకు గురవుతాడు, ఎవరికీ చెప్పుకోలేక తన ఆత్మకథ తయారుచేసుకోవడం మొదలుపెడతాడు. పెద్దయ్యాక ఫొటోలు తీస్తాడు. హెరాక్లీజ్ అనే అబ్బాయిని ప్రేమిస్తాడు. హెరాక్లీజ్ వదిలేసి వెళ్ళిపోతాడు. తర్వాత ఇద్దరూ బ్యూనస్ ఎయిరీస్‌లో మళ్ళీ కలుస్తారు, అక్కణ్ణుంచి పెరూ కొండల్లోకి వెళ్తారు.

పురాణంలో ఓడిపోయినవాడి వైపు నిలబడి తిరగరాయడం మనకు కొత్త కాదు. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' రాశారు. వోల్గా 'విముక్త' కథల్లో శూర్పణఖ, అహల్య సీతతో మాట్లాడతారు. పిల్లలకు ఈ పేర్లు చెప్తే కార్సన్ పద్ధతి వెంటనే పట్టుకుంటారు. కాకపోతే ఒక తేడా చూపించండి. మన రచయితలు ఎక్కువగా జరిగిన అన్యాయాన్ని నిలదీశారు. కార్సన్ చంపడమనే ఘట్టాన్నే ప్రేమ విఫలమవడంగా మార్చేశారు. ఆవిడ హెరాక్లీజ్ బాణం వెయ్యడు, నవ్వుతూ వెళ్ళిపోతాడు, అంతే. గెర్యోన్ బతికే ఉంటాడు. బతికి ఉండటం ఎలాగన్నదే మిగతా పుస్తకం.

చదవడానికి నా సలహా: పుస్తకం మొదట్లో స్టెసికోరస్ గురించి ఒక వ్యాసం, కొన్ని శకలాలు, అనుబంధాలు ఉంటాయి. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ భాగం దాటవేసి నేరుగా పద్యనవలలోకి వెళ్ళండి, అది అయ్యాక వెనక్కి రండి. సంప్రదాయవాదులు ఒప్పుకోకపోవచ్చు గానీ, మా పిల్లల్లో ఈ పుస్తకం పూర్తిచేసినవాళ్ళందరూ ఇలాగే పూర్తిచేశారు. 2013లో దీనికి కొనసాగింపుగా 'రెడ్ డాక్' వచ్చింది. కంప్యూటర్ ఆ ఫైలుకు తనంతట తాను పెట్టిన పేరే పుస్తకానికి పేరైంది. దాన్ని తర్వాత ఎప్పుడైనా చదవొచ్చు, పేపర్‌కు అవసరం లేదు.

పేరు ఎలా వచ్చిందని అడిగారు. నెమ్మదిగా వచ్చింది. మొదటి పుస్తకం 'ఈరోస్ ది బిటర్‌స్వీట్' 1986లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది, అప్పటికి ఆవిడకు ముప్ఫై ఆరేళ్ళు. పీహెచ్‌డీలోంచి పుట్టిన ప్రేమ గురించిన వచనం అది, కవితలు కాదు. తొలి కవితా సంపుటి 'షార్ట్ టాక్స్' 1992లో, నలభై దాటాక, బ్రిక్ బుక్స్ అనే ఒంటారియో చిన్న ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. 2000లో మెకార్థర్ ఫెలోషిప్, అంటే అప్పట్లో ఐదేళ్ళలో 5 లక్షల డాలర్లు. 2001లో కొత్తగా మొదలైన గ్రిఫిన్ కవితా బహుమతి మొదటి కెనడియన్ విజేత ఆవిడే. అదే ఏడాది వచ్చిన 'ది బ్యూటీ ఆఫ్ ది హస్బెండ్'కు బ్రిటన్‌లో టి.ఎస్. ఎలియట్ బహుమతి దక్కింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడ. 2014లో మళ్ళీ గ్రిఫిన్, 2020లో స్పెయిన్ వాళ్ళ ప్రిన్సెస్ ఆఫ్ అస్టూరియాస్ సాహిత్య బహుమతి. ప్రతి ఏడూ అక్టోబరులో నోబెల్ ఊహాగానాల్లో పేరు వినబడుతూనే ఉంటుంది. 2024లో వచ్చిన 'రాంగ్ నోర్మా'కు అమెరికా విమర్శకుల సంఘం బహుమతి వచ్చింది, డెబ్భై దాటిన వయసులో.

ఇక్కడ గమనించాల్సింది, బహుమతులు రాకముందు ఇరవై ఏళ్ళూ ఇల్లు గడిచింది గ్రీకు పాఠాల జీతంతో. కవిగా గుర్తింపు కోసం ఎదురుచూసే పని లేకపోవడం వల్లే ఆవిడ తనకు నచ్చిన ఆకారంలో రాయగలిగారని నా నమ్మకం. వ్యాసమో కవితో నాటకమో తేలని పుస్తకాలు, ఇరవై రెండు చిన్న పొత్తాలు ఒక పారదర్శకమైన డబ్బాలో పెట్టి ఏ వరుసలోనైనా చదువుకోండి అన్న 'ఫ్లోట్', ఇలాంటివి అమ్మకాల లెక్కలు చూసుకునేవాళ్ళు చెయ్యలేరు.

పేపర్‌లో రెండు జాగ్రత్తలు. మొదటిది, ఆవిడను పొగుడుతూనే పోవద్దు. ఎలియట్ బహుమతి వచ్చినప్పుడు బ్రిటన్ పత్రికల్లో, అంతకుముందే కెనడాలో, ఇది వచనాన్ని ఎక్కడపడితే అక్కడ విరగ్గొట్టడమేనని, పాండిత్య ప్రదర్శన అని గట్టి విమర్శలు వచ్చాయి. 'ది బ్యూటీ ఆఫ్ ది హస్బెండ్' విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉందని నేనూ అంటాను. ఇరవై తొమ్మిది 'టాంగో'లుగా విడగొట్టిన ఆ దాంపత్య కథలో ఇంగ్లిష్ కవి కీట్స్ ఉల్లేఖనలు కొన్నిచోట్ల అంటుకోకుండా పైపైన ఉండిపోతాయి. 'ది గ్లాస్ ఎస్సే'కి మాత్రం ఆ విమర్శ వర్తించదు. ఎందుకు వర్తించదో ఒక పుట తీసుకుని, పంక్తి ఎక్కడ విరిగిందో చూపిస్తూ రాయగలిగితే మీ పేపర్‌లో అదే మంచి భాగం అవుతుంది.

రెండోది, కెనడా. సెమినార్ పేరు కెనడా కవిత్వం కాబట్టి ఆవిడలో బలవంతంగా 'కెనడా అస్తిత్వం' వెతకొద్దు. మంచు, సరస్సు, ఉత్తరపు ఊళ్ళు ఉన్నాయి, కానీ జెండా లేదు. అంతకంటే నిలబడే వాదన రూపానిది. ఒక మనిషి కథను పత్రాలు, ఫొటోలు, పద్యం, వచనం కలిపి దీర్ఘకవితగా అల్లే పద్ధతి కెనడాలో ఆవిడకంటే ముందే ఉంది. శ్రీలంకలో పుట్టి టొరంటోలో స్థిరపడిన మైకేల్ ఒండాట్జీ అమెరికా బందిపోటు బిల్లీ ది కిడ్ మీద 1970లో వేసిన పుస్తకం దానికి మంచి ఉదాహరణ. దాన్నీ 'ఆటోబయాగ్రఫీ ఆఫ్ రెడ్'నూ కలిపి చూస్తే కెనడా అనే మాట మీ పేపర్‌లో న్యాయంగా కూర్చుంటుంది. ఒండాట్జీ కూడా కార్సన్ కవిత్వాన్ని మనసారా మెచ్చుకున్నవారే.

చదివే వరుస అడిగారు కాబట్టి: 'ది గ్లాస్ ఎస్సే', ఆ వెంటనే నీలం స్వెటర్ కవిత. తర్వాత 'ఇఫ్ నాట్, వింటర్'లో ఏవైనా పది పుటలు, గట్టిగా చదువుతూ, బ్రాకెట్ల దగ్గర ఆగుతూ. ఆ తర్వాత 'నాక్స్'. టైమ్ మిగిలితే 'ఆటోబయాగ్రఫీ ఆఫ్ రెడ్'. జీవితం వివరాలకు 2004లో పారిస్ రివ్యూ పత్రికలో వచ్చిన దీర్ఘ ఇంటర్వ్యూ ఒక్కటి చాలు, తండ్రి గురించీ అన్న గురించీ ఆవిడ సొంత మాటల్లోనే తెలుస్తుంది. 'నాక్స్' ఖరీదైన పుస్తకం, కొనమని చెప్పను. మీ యూనివర్సిటీ లైబ్రరీలో లేకపోతే వేరే యూనివర్సిటీ నుంచి తెప్పించమని లైబ్రేరియన్‌ను అడగండి. స్కాన్ చేసిన పుటలు చూసి సరిపెట్టుకోకుండా, ఒక్కసారైనా ఆ పెట్టె చేతిలోకి తీసుకుని, పొడవాటి బల్ల మీద మడతలు పూర్తిగా విప్పి చూశాకే దాని గురించి రాయండి.